పాత వాలెంటైన్ కార్డు మీద చర్చి బొమ్మ ఎందుకు?

పాతకాగితాలపిచ్చి: అమెరికాలో, మాసచూసెట్స్‌లో ఒక ఎస్టేట్ సేల్‌లో, అంటే పాత ఇంటి సామాను అమ్మకంలో, ఈ కార్డు దొరికింది. తెల్ల లేస్ కాగితం, దాని కింద ఎర్ర ముక్క, మధ్యలో మన్మథుడు, మూలన బుల్లి చర్చి. వెనక ఎర్రగా హెచ్ అక్షరం. చర్చి ఎందుకు? ఏ కాలంది? పటం కట్టించొచ్చా?

వూస్టర్‌వదిన: హెచ్ అంటే ఎస్తర్ హౌలాండ్! మా ఊరు వూస్టర్ ఆవిడే. 1840ల చివర్లో ఇంగ్లండ్ కార్డు ఒకటి చూసి, నేనూ చేస్తానని మొదలుపెట్టింది. రెండొందల డాలర్ల ఆర్డరొస్తే చాలనుకుంటే, వాళ్ల సోదరుడు ఊళ్లు తిరిగి అయిదువేలకు తెచ్చాడట. లేస్ కింద రంగుకాగితం పెట్టడం ఆవిడ ముద్ర. ఇన్ని ప్రేమకార్డులు చేసి తను మాత్రం పెళ్లి చేసుకోలేదు.

పూలభాష: చర్చి అంటే పెళ్లి మాట. ఉత్తుత్తి సరసం కాదు, మీ నాన్నతో మాట్లాడతానని చెప్పడం. ఎర్ర గులాబీ ప్రేమ, పసుపు గులాబీ అసూయ. పదేళ్లుగా ఇవే చూస్తున్నా, నాకు తెలీని గుర్తు లేదు.

డైకటింగ్‌రాజు: అంత లేదు సార్. ఆ బొమ్మలు స్క్రాపులు. జర్మనీలో రంగుల్లో అచ్చేసి, ఉబ్బెత్తుగా నొక్కి, షీట్లకు షీట్లు అమ్మేవారు. ఉన్నది అంటించారు, అంతే. మాది శుభలేఖల ప్రెస్సు. డబ్బాలో ఉన్న సన్నాయి బ్లాకే ఊరందరి కార్డు మీదా వేసేవాళ్లం. అర్థాలు మీరు వెతుక్కోవాలి.

పూలభాష: కర్మపత్రిక మీద ఎప్పుడైనా సన్నాయి వేశారా?

డైకటింగ్‌రాజు: అది వేరు.

పూలభాష: అదే ఇదీ! డబ్బాలోంచి ఏది తీస్తామన్నదే అర్థం.

డైకటింగ్‌రాజు: పుస్తకాలు చదివి చెప్పకండి. ఆ లేస్ ఎలా వచ్చిందో తెలుసా మీకు? కత్తెర కాదు. డైలో, అంటే చెక్కిన లోహపు అచ్చులో, కాగితం నొక్కితే ఉబ్బిన చోట్లు సన్నగా గీకేస్తారు, చిల్లులు పడతాయి.

పూలభాష: అడిగింది చర్చి గురించి. లేస్ ఎవడడిగాడు?

వూస్టర్‌వదిన: అన్నయ్యలూ, మెల్లగా.

వెనిగర్: మీకు ప్రేమకార్డులే కనిపిస్తాయి. నా దగ్గర తిట్టు కార్డులు నలభై ఉన్నాయి. వెనిగర్ వాలెంటైన్లంటారు. పలచని కాగితం, వికారపు బొమ్మ, కింద నాలుగు పాదాల ఎగతాళి. ముసలి కన్యకి, తాగుబోతుకి, కసాయికి, ఎవరి తిట్టు వాళ్లకి విడిగా. ఇంగ్లండ్‌లో 1840లో ఒక్క పెన్నీకే ఉత్తరం చేరేసే పెన్నీ పోస్టు వచ్చాక మరీ పెరిగాయి. స్టాంపు లేకుండా పంపితే పుచ్చుకున్నవాడే రెట్టింపు కట్టాలి. డబ్బిచ్చి మరీ తిట్లు!

సాలెగూడు: దారం లాగితే కాగితం సాలెగూడులా పైకి లేచి కింద బొమ్మ కనిపించేది ఎవరి దగ్గరైనా ఉందా? నేనొకటి కొన్నా. లాగా. చిరిగింది. నాలుగురోజులు అన్నం సయించలేదు.

డైకటింగ్‌రాజు: లాగారా?! నూట యాభై ఏళ్ల కాగితాన్ని?

సాలెగూడు: లాగడానికే కదండీ దారం.

పాతకాగితాలపిచ్చి: పటం కట్టించొచ్చా, వద్దా?

వూస్టర్‌వదిన: అసలు హెచ్ ఉంటే అంతా హౌలాండ్‌దే అనుకోకు తమ్ముడూ. తర్వాతెవరైనా వేసి ఉండొచ్చు. వెనక ఫొటో పెట్టు. 1880ల మొదట్లో ఆవిడ వ్యాపారం విట్నీ అనే ఇంకో కార్డుల వ్యాపారి కొనేశాడు. వాళ్ల కార్డులూ ఇలాగే ఉంటాయి.

పూలభాష: మన్మథుడి చేతిలో బాణం ఉందా, కాగడా ఉందా? దాన్నిబట్టి...

డైకటింగ్‌రాజు: మళ్లీ మొదలు.

పాతకాగితాలపిచ్చి: మూడోసారి అడుగుతున్నా. పటం?

వెనిగర్: ఎంతకిస్తావ్?