హైదరాబాద్ నాగోల్ మెట్రో చుట్టుపక్కల కాలనీ రోడ్ల మీద కూడా పార్కింగ్ ఫీజు పెట్టాలా?

రోడ్ నంబర్ 4:
సూటిగా విషయానికొస్తాను. నాగోల్ స్టేషన్ దగ్గర 2024 ఆగస్టులో పార్కింగ్ ఫీజు బోర్డులు పెట్టారు. జనం గొడవ చేస్తే వాయిదా వేశారు. అక్టోబరులో మళ్ళీ మొదలుపెట్టారు. బైకుకు రెండు గంటల దాకా 10 రూపాయలు, ఎనిమిది గంటల దాకా 25, పన్నెండు గంటల దాకా 40. కారుకైతే 30, 75, 120. అప్పటి నుంచి ఆ బండ్లన్నీ మా కాలనీలోకి వచ్చి పడ్డాయి. పొద్దున ఏడున్నర దాటితే వీధికి రెండు పక్కలా బైకులే. వాటర్ ట్యాంకర్ వస్తే వెనక్కి తిరిగే దారి లేదు. పక్కింటి పెద్దాయన కోసం అంబులెన్స్ వస్తే వీధి మొదట్లోనే ఆగిపోయింది, ఆయన్ని స్ట్రెచర్ మీద అంత దూరం మోసుకెళ్ళారు.

నేననేది ఏమిటంటే, కాలనీ రోడ్ల మీద కార్పొరేషన్ ఫీజు పెట్టాలి. మెట్రో లోపలి ఫీజు కంటే ఎక్కువ పెట్టాలి. అప్పుడు అందరూ లోపలైనా పెట్టుకుంటారు, బండి ఇంట్లోనైనా వదిలి వస్తారు. ట్రాఫిక్ కూడా తగ్గుతుంది. వినతిపత్రం ఇవ్వబోతున్నాం కాబట్టి అభిప్రాయాలు రాయండి.

యాక్టివా అన్న:
మెట్రో ఫీజు తీసేస్తే మీ వీధి ఖాళీ. చర్చ అయిపోయింది.

తట్టిఅన్నారం టు రాయదుర్గం:
సార్, మీరు చెప్పిన రేట్లలో అసలు మోసం మీరు గమనించలేదు. ఎనిమిది గంటలకు 25 అని రాశారు కదా, ఆ 25 ఎవరికి వర్తిస్తుంది? ఆఫీసు డ్యూటీయే తొమ్మిది గంటలు. నాగోల్ నుంచి మెట్రో అవతలి చివరున్న రాయదుర్గం వెళ్ళి రావడానికి రెండు గంటల పైనే. ఉద్యోగస్తుడెవడూ ఎనిమిది గంటల్లో బండి తీయలేడు. అంటే అందరికీ 40. మధ్యలో ఆ 25 బోర్డు చూసుకోవడానికే.

లెక్క చెబుతాను. మెట్రో టికెట్టు 2025 మేలో పెంచారు, తర్వాత పది శాతం తగ్గించి గరిష్ఠం 69 చేశారు. నాది ఆ చివర నుంచి ఈ చివరకు కాబట్టి 69 పడుతుంది. రానుపోను 138. పార్కింగ్ 40. మొత్తం 178. అదే బండి మీద వెళ్తే రానుపోను అరవై కిలోమీటర్లు, నా బండి లీటరుకు యాభై ఇస్తుంది, పెట్రోలు 107 చిల్లర. 130 రూపాయల్లోపే అయిపోతుంది. ఇప్పుడు చెప్పండి, ఈ ఫీజు బండ్లను తగ్గిస్తుందా, రోడ్డెక్కిస్తుందా?

మియాపూర్ పాతకాపు:
మాల్‌కి వెళ్తే 2018 జీవో ప్రకారం మొదటి అరగంట ఫ్రీ. గంట దాటినా ఫీజును మించి కొన్నట్టు బిల్లు చూపిస్తే ఫ్రీ. చీర కొన్నవాడికి ఫ్రీ పార్కింగ్, మెట్రో ఎక్కినవాడికి 40. మెట్రో టికెట్టు బిల్లు కాదా?

రోడ్ నంబర్ 4:
తట్టిఅన్నారం గారూ, మీ లెక్క బాగానే ఉంది. కానీ నేనడిగింది మెట్రో ఫీజు న్యాయమా కాదా అని కాదు. మీకు 40 ఎక్కువనిపిస్తే మెట్రో వాళ్ళతో కొట్లాడండి. ఆ కోపం మా గేటు ముందు ఎందుకు?

తట్టిఅన్నారం టు రాయదుర్గం:
ముందు ఎనిమిది గంటల స్లాబు గురించి జవాబు చెప్పండి సార్. పన్నెండు గంటలకు 25 పెట్టి ఉంటే నేను లోపలే పెట్టేవాణ్ణి.

రోడ్ నంబర్ 4:
స్లాబు నేను పెట్టానా?

ప్లానింగ్ పిచ్చి:
ఇద్దరూ ఒక్క నిమిషం ఆగండి. మీరు చూస్తున్న చోటు తప్పు. కేంద్రం 2006లో జాతీయ పట్టణ రవాణా విధానం తెచ్చింది. పార్కింగ్ ఫీజు బండి ఆక్రమించే నేల విలువకు తగ్గట్టు ఉండాలని, జనం ప్రజా రవాణా వైపు మళ్ళేలా ఆ ఫీజును వాడాలని అందులోనే ఉంది. కారు నిలబడాలంటే రెండున్నర మీటర్ల వెడల్పు, ఐదు మీటర్ల పొడవు కావాలి. పన్నెండున్నర చదరపు మీటర్లు, మన భాషలో 15 గజాలు. నాగోల్‌లో 15 గజాలు ఎంత పలుకుతుందో ఇక్కడ అందరికీ తెలుసు. కాబట్టి ఫీజు ఉండటం తప్పు కాదు.

కానీ మనం తలకిందులుగా మొదలుపెట్టాం. హైటెక్ సిటీ వైపు చాలా ఆఫీసుల్లో సెల్లార్ నాలుగంతస్తుల లోతు, ఉద్యోగికి పార్కింగ్ ఫ్రీ. రైలెక్కే చోట బైకుకు 40, కారుకు 120, ఆఫీసు దగ్గర సున్నా. కారు దిగి రైలెక్కిన వాడి మీద ఫీజు వేసి, కారులో ఆఫీసు దాకా పోయినవాణ్ణి వదిలేశాం. అవతలి చివర ఫీజు పెట్టి ఇవతల ఫ్రీ చేసి చూడండి, మీ కాలనీ ఆపకుండానే కార్లు ఆగుతాయి.

యాక్టివా అన్న:
మా ఆఫీసులో పార్కింగ్ మేనేజర్లకే ఫ్రీ. మాకు బయట చెట్టు కింద. అది కూడా ఫ్రీయే అనుకోండి.

నైట్ షిఫ్ట్:
"బండి ఇంట్లో వదిలి వస్తారు" అని పైన ఎవరో చాలా తేలిగ్గా రాసేశారు. నేను ఆసుపత్రిలో నర్సును. సెకండ్ షిఫ్ట్ అయి నాగోల్‌లో రైలు దిగేసరికి రాత్రి పది దాటుతుంది. 2023 డిసెంబరు నుంచి మాకు బస్సు ఫ్రీ, కాదనను, నెలకు బాగానే మిగులుతోంది. కానీ ఆ బస్సు మెయిన్ రోడ్డు మీద దింపుతుంది. అక్కడి నుంచి మా ఇంటికి ఫుట్‌పాత్ లేదు, సగం దూరం లైట్లు లేవు, కుక్కల గుంపు మాత్రం ఉంది. స్కూటీ నాకు షోకు కాదు. అన్నట్టు నేను లోపలే పెడతాను, 40 కడతాను, సీసీ కెమెరా ఉందన్న ధైర్యం. మా ఆసుపత్రిలో డాక్టర్ల కార్లకు షెడ్డు ఉంది, స్టాఫ్ బండ్లకు లేదు. ఆ సంగతి ఏ చర్చలోనూ రాదు.

రోడ్ నంబర్ 4:
అమ్మా, మీలాంటి వాళ్ళ గురించి కాదు నేను రాసింది. మీరు లోపల పెడుతున్నారు, సంతోషం. డబ్బు ఉండి కూడా 40 మిగుల్చుకోవడానికి మా గేటుకు అడ్డం పెట్టేవాళ్ళ గురించి.

తట్టిఅన్నారం టు రాయదుర్గం:
"డబ్బు ఉండి కూడా"నా? నా జీతం మీకు తెలుసా? నెలకు పాతిక పని దినాలు, రోజుకు 40, వెయ్యి రూపాయలు. మా పాప స్కూల్ ఆటో ఖర్చులో సగం అది. ఇంకో మాట. మీ కాలనీలోనే ఒక గేటు ముందు, సిమెంటు పోసిన పెయింటు డబ్బాలో ఇనుప రాడ్డు పాతి దానికి బోర్డు కట్టారు: "ఇచ్చట బండ్లు పెట్టినచో టైర్ల గాలి తీయబడును". నేను ఆ గేటుకు పక్కన, గోడ వారగా, ఎవరికీ అడ్డం లేకుండా పెట్టాను. సాయంత్రం వచ్చేసరికి రెండు టైర్లూ నేలకు అంటుకుని ఉన్నాయి. వానలో బండి తోసుకుంటూ పంక్చర్ షాపు దాకా వెళ్ళాను. వాల్వ్ పిన్నులు కూడా పీకేశారు. కాలనీ సంస్కారం అంటే ఇదేనా అంకుల్?

మూసీ గాలి:
వాల్వ్ పిన్ను పీకడం మాత్రం దారుణం. గాలి తీయడం వేరు.

రోడ్ నంబర్ 4:
"అంకుల్" అవసరం లేదు. బోర్డులో స్పష్టంగా రాసి ఉంది కదా. చదువుకున్నవాళ్ళేగా మీరు. నేను తీశానని చెప్పడం లేదు, తీసినవాళ్ళను తప్పుపట్టను కూడా. రోజూ పొద్దున గేటు తీయడానికి నాలుగు బైకులు పక్కకు జరపాల్సి వస్తే మీకు తెలిసేది. నా వయసు అరవై ఆరు. నడుము నొప్పి.

మియాపూర్ పాతకాపు:
మా దగ్గరా అదే బోర్డు. అక్షరాలు కూడా అవే. ఒకే పెయింటరేమో.

తట్టిఅన్నారం టు రాయదుర్గం:
బోర్డు పెట్టడానికి ఆ రోడ్డు మీ అయ్య జాగీరా? రేపు నేనూ మెట్రో గేటు ముందు డబ్బా పెట్టి బోర్డు కడతా, కుదురుతుందా? సరే, వీధి ఇరుకు అంటున్నారు కదా, ముప్ఫై అడుగుల రోడ్డు ఎందుకు ఇరుకైంది? రెండు పక్కలా ఒక్కో ఇంటివాడు నాలుగడుగులు ర్యాంపు కట్టుకున్నాడు. ర్యాంపు పక్కన తులసి కోట, కోట పక్కన మొక్కల కుండీలు. వాటి పక్కన కార్లు. మీ వీధిలోనే తెల్ల క్రెటా ఒకటి, దాని వెనక కవరు కప్పిన పాత శాంత్రో ఒకటి చాలా కాలంగా చూస్తున్నా. శాంత్రో చక్రాల చుట్టూ గడ్డి మొలిచింది. అంబులెన్స్‌కు నా బైకే అడ్డమా?

ప్లానింగ్ పిచ్చి:
రోడ్ నంబర్ 4 గారూ, ఒక చిన్న ప్రశ్న. మీరడుగుతున్న కార్పొరేషన్ ఫీజు ఆ క్రెటాకూ శాంత్రోకూ కూడా పడుతుందా?

రోడ్ నంబర్ 4:
వాటికెందుకు పడుతుంది? అవి మా ఇంటి ముందు ఉన్నాయి.

యాక్టివా అన్న:
అద్గదీ. ఇప్పుడు వచ్చింది బయటికి.

రోడ్ నంబర్ 4:
వెటకారం వద్దు. వివరంగా చెబుతాను, వినండి. 1998లో ఇక్కడ ప్లాటు కొన్నప్పుడు రోడ్డనేదే లేదు, మూసీ దోమలు, రేగడి మట్టి. వాన పడితే చెప్పులు చేతిలో పట్టుకుని నడిచేవాళ్ళం. కాలనీ సంఘం పెట్టుకుని, ఇంటింటికీ చందా వేసుకుని మొరం పోయించాం. డ్రైనేజీ లైను కోసం ఆఫీసుల చుట్టూ తిరిగింది మేము. సీసీ రోడ్డు పడేసరికి పదేళ్ళు పట్టింది. ఏటా ఇంటి పన్ను కడుతున్నాను, బకాయి లేదు. కారు కొన్నప్పుడు లైఫ్ ట్యాక్స్ కట్టాను. నిన్న మొన్న మెట్రో వచ్చిందని ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చి మా రోడ్డు మీద ఫ్రీగా పెట్టుకుంటే, మేమూ వాళ్ళూ ఒకటేనా?

ప్లానింగ్ పిచ్చి:
మీ కష్టాన్ని తక్కువ చేయను. కానీ లైఫ్ ట్యాక్స్ రాష్ట్ర రవాణా శాఖకు పోతుంది, అది బండి తిప్పుకోవడానికి, నిలబెట్టుకోవడానికి కాదు. ఇంటి పన్ను మీ ఇంటికి. లేఅవుట్ వేసినప్పుడే రోడ్లు కార్పొరేషన్‌కు అప్పగించేస్తారు, మీ సేల్ డీడ్‌లో హద్దులు చూడండి, "తూర్పు: 30 అడుగుల రోడ్డు" అని ఉంటుంది. రోడ్డు మీ హద్దు, ఆస్తి కాదు. జపాన్‌లో 1962లోనే చట్టం చేశారు, కారు పెట్టుకునే చోటు ఉందని రుజువు చూపిస్తేనే కారు. మనకు ఇంటికి స్టిల్ట్ పార్కింగ్, అంటే కింద స్తంభాల మధ్య బండ్లకు వదిలే చోటు, చూపించి పర్మిషన్ తెచ్చుకోవడం, తర్వాత అందులో రెండు గదులు వేసి అద్దెకివ్వడం అలవాటు.

మూసీ గాలి:
జపాన్ గొడవ ఇక్కడెందుకు? వాళ్ళకు భూకంపాలు కూడా ఉన్నాయి.

తట్టిఅన్నారం టు రాయదుర్గం:
స్టిల్ట్ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. నేను అద్దెకుండే బిల్డింగులో స్టిల్ట్ మొత్తం ఓనరు టిఫిన్ సెంటర్‌కు ఇచ్చాడు. మేం ఎనిమిది కుటుంబాల వాళ్ళం బండ్లు రోడ్డు మీదే పెడతాం. అక్కడా ఎదురింటాయన ఇదే మాట, "మా ఇంటి ముందు". స్టేషన్ దగ్గరకొస్తే మీరు, "మా ఇంటి ముందు". ఇల్లు కొన్నవాడికి తప్ప ఈ ఊళ్ళో ఎవరికీ నాలుగడుగుల చోటు లేదన్నమాట. ఇంతసేపూ ట్రాఫిక్ తగ్గాలి, కార్లు తగ్గాలి అన్నారు. మీకు కార్లు తగ్గక్కర్లేదు, బయటివాళ్ళు తగ్గితే చాలు.

రోడ్ నంబర్ 4:
అవును, బయటివాళ్ళు తగ్గాలి. అందులో దాచడానికేముంది? ప్రతి కాలనీ అదే కోరుకుంటుంది, మీకు ఇల్లుంటే మీరూ కోరుకుంటారు. శాంత్రో మా అబ్బాయిది. అమెరికా వెళ్ళేటప్పుడు వదిలి వెళ్ళాడు. డిసెంబరులో వస్తే అదే తీస్తాడు.

తట్టిఅన్నారం టు రాయదుర్గం:
డల్లాస్‌లో ఉన్న మనిషి కారుకు నాగోల్‌లో 15 గజాలు ఫ్రీ. రోజూ ఇక్కడే రైలెక్కేవాడికి గోడ వారన చోటు లేదు.

రోడ్ నంబర్ 4:
డల్లాస్ కాదు.

నైట్ షిఫ్ట్:
ఒక మాట చెప్పనా? స్టేషన్ నుంచి బండ్లగూడ, తట్టిఅన్నారం వైపు పది నిమిషాలకో చిన్న బస్సు, రాత్రి పదకొండు దాకా వేస్తే మీ ఇద్దరిలో ఒకరి బండి తగ్గుతుంది. ఇంతమంది రాశారు, ఒక్కరూ ఆ బస్సు అడగలేదు. 2025 సెప్టెంబరులో ప్రభుత్వం మెట్రోను తానే తీసుకుంటానని ఒప్పుకుంది కదా. ఇక రైలూ బస్సూ ఒకే ఇంటివే. ఆ 40 రూపాయలు బస్సుకు పెట్టమని వినతిపత్రంలో రాయండి.

ప్లానింగ్ పిచ్చి:
నైట్ షిఫ్ట్ గారు చెప్పింది రాస్తే నేనూ సంతకం పెడతా. దాంతోపాటు కాలనీ రోడ్డు మీద ప్రతి బండికీ ఫీజు. ఇంటికి ఒక బండికి ఏడాదికోసారి కట్టే స్టిక్కరు, తక్కువ రేటు. రెండోదానికి ఎక్కువ. బయటి బండికి గంటకింత. ఇల్లున్నవాడూ అద్దెకున్నవాడూ ఒకటే.

రోడ్ నంబర్ 4:
బస్సు సంగతి రాస్తాను, మంచిదే. స్టిక్కరు రాయను. సంఘంలో ఆ మాటెత్తితే ఒక్కరూ సంతకం పెట్టరు. "బయటి వాహనాలకు" అనే రాసి ఇస్తున్నాం, సగం పైగా ఇళ్ళ సంతకాలు వచ్చేశాయి.

తట్టిఅన్నారం టు రాయదుర్గం:
ఇవ్వండి. మేమూ ఇస్తాం, ర్యాంపుల కొలతలతో సహా. ఫోటోలు ఉన్నాయి.

యాక్టివా అన్న:
సార్, ఆ శాంత్రో ఏ మోడల్? మా బావమరిది సెకండ్‌హ్యాండ్‌ది వెతుకుతున్నాడు.

రోడ్ నంబర్ 4:
2009. అమ్మను.