ఎనిమిది మిల్లీలీటర్ల శానిటైజర్‌ను కారకుండా కొలిచే పద్ధతి చెప్పండి

కృష్ణలంక అల్లంసోడా (విజయవాడ)

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఇంట్లో కొంబుచా (పులియబెట్టిన తీపి తేనీరు), పులియబెట్టిన అల్లం సోడా చేస్తున్నాను. వారానికి పన్నెండు సీసాలు. మా ఆడపడుచు పిల్లలు తాగుతారు, పక్క వాటాలో ఉండే పెద్దావిడకూ ఇస్తాను. అందుకే శుభ్రత విషయంలో నేను రాజీపడను. మొదట్లో సీసాలను నీళ్లలో మరిగించేదాన్ని. మే నెలలో మా వంటింట్లో గంటసేపు పొయ్యి దగ్గర నిలబడలేకపోయాను, పైగా రెండు సీసాలు పగిలాయి. అప్పటినుంచి ఫాస్ఫారిక్ ఆమ్లంతో చేసిన, తర్వాత నీళ్లతో కడగనక్కరలేని శానిటైజర్ వాడుతున్నాను. అది బాగానే పనిచేస్తోంది. ఇబ్బందంతా దాన్ని కొలవడంలోనే.

డబ్బా మీద 19 లీటర్ల నీటికి 30 మిల్లీలీటర్లు అని రాసి ఉంది. నాకు అంత నీళ్లు అక్కరలేదు. నా బకెట్టు 5 లీటర్లది. అంటే సుమారు 8 మిల్లీలీటర్లు. లీటరు డబ్బాలోంచి అంత చిన్న కొలతను దగ్గుమందు మూతలోకి వంచుతుంటే, మూతలో పడేది సగం, డబ్బా గోడ వెంట జారేది సగం. డబ్బా అడుగున చేరిన తడి గట్టుకు అంటుకుంటోంది. మా వంటగట్టు నల్లటి కడప రాయి. నిమ్మచెక్క కాసేపు పెట్టినా మచ్చపడే రాయి అది. ఇప్పుడు డబ్బా అడుగంత తెల్లటి గుండ్రటి గుర్తు పడింది. మా అత్తగారు ఎంతో ఇష్టంగా వేయించుకున్న గట్టు, చూస్తే మనసు చివుక్కుమంటోంది.

ఇంకో దిగులు కూడా ఉంది. కింద ఎంత పోయిందో తెలియక, తక్కువైందేమోనని ఇంకొంచెం పోస్తున్నాను. అంటే నేను కొలుస్తున్నట్టే కాదు. అర లీటరు స్ప్రే సీసా నింపేటప్పుడు అయితే అంతా అంచనాయే. ఎవరైనా సరైన పద్ధతి చెప్పండి.

బెంజిసర్కిల్ కొంబుచా

రెండు మూతులున్న కొలత సీసాలు దొరుకుతాయండీ. పెద్ద గదికి మూత బిగించి ఉంచి, చిన్న గది మూత తీసి సీసాను మెల్లగా నొక్కితే ద్రవం లోపలి గొట్టం గుండా చిన్న గదిలోకి ఎక్కుతుంది. గీత దాకా వచ్చాక వంచుకోవడమే. 30 మిల్లీలీటర్లకు చాలా బాగుంటుంది. 8 మిల్లీలీటర్లకు మాత్రం ఆ గీతలను నేను నమ్మను.

బ్రాడీపేట పాత ల్యాబు (గుంటూరు)

అమ్మా, గుంటూరులో ఒక డిగ్రీ కళాశాల రసాయనశాలలో ముప్పై రెండేళ్లు పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. మీ చేతిలో లోపం లేదు. ద్రవాన్ని నెమ్మదిగా, కొద్దికొద్దిగా వంచితే అది మూతి అంచును పట్టుకుని వెనక్కి తిరిగి గోడ వెంట కారుతుంది. గిన్నెలోంచి పాలు గ్లాసులోకి నెమ్మదిగా వంచినప్పుడు జరిగేది ఇదే. ధారగా ఒక్కసారి పోస్తే కారదు. కానీ 8 మిల్లీలీటర్లను ధారగా పోయలేం. కాబట్టి వంచడం మానేసి, లోపలినుంచి పైకి లాగాలి.

పెద్ద డబ్బాలోంచి నెలకు ఒక్కసారి, 100 మిల్లీలీటర్ల మందపాటి ప్లాస్టిక్ సీసాలోకి గరాటుతో తీసుకోండి. ఆ పనిని గట్టు మీద కాకుండా ప్లాస్టిక్ టబ్బులో పెట్టి చేయండి. డబ్బా మూతి ఒక పక్కకు ఉంటే, ఆ మూతి పైవైపుకు వచ్చేలా పట్టుకుని వంచండి. గాలి లోపలికి సాఫీగా వెళ్తుంది కనుక గుడగుడమని ఎగిరిపడదు. చాలామంది మూతి కిందికి ఉండేలా పట్టుకుంటారు, చిందేది అందుకే.

ఇక కొలత. సూది లేని 10 మిల్లీలీటర్ల సిరంజి తీసుకోండి. కొన అందకపోతే జానెడు సన్నటి సిలికాన్ గొట్టం తొడగండి. నెమ్మదిగా లాగి, బుడగ ఉంటే కొన పైకి పెట్టి బయటికి పంపి, సిరంజిని కంటికి ఎదురుగా పట్టుకుని చూడండి. నల్లటి రబ్బరుకు కొన వైపున్న అంచు 8 గీత మీద ఉండాలి, వెనక అంచు కాదు. తర్వాత కొనను ద్రవంలోంచి తీసి, పిస్టన్‌ను ఇంకో అర మిల్లీలీటరు వెనక్కి లాగండి. కొనలోని చుక్క లోపలికి పోయి గాలి నిలుస్తుంది, దారిలో ఒక్క చుక్క కూడా రాలదు. మీ ప్రశ్నకు అసలు జవాబు ఇదే. మా విద్యార్థులకు ఏటా మొదటి వారంలోనే నేర్పేవాళ్లం.

బకెట్టులో నీళ్లు ముందే నిండుగా ఉండాలి. ఆమ్లాన్ని నీటిలో కలపాలి కానీ ఆమ్లం మీద నీళ్లు పోయకూడదు. సిరంజి కొనను నీటి అడుగుకు ముంచి వదలండి. అదే నీటిని రెండుసార్లు లాగి వదిలితే గొట్టంలో మిగిలినదీ బకెట్టులోకే చేరుతుంది. సిరంజిని వెంటనే మంచినీటితో కడగండి, చిక్కటి ద్రవంలో వదిలేస్తే రబ్బరు ఉబ్బి బిగుసుకుపోతుంది.

అర లీటరుకు 0.8 మిల్లీలీటరు కావాలి. అంత తక్కువను కొలవడం కన్నా, 2 మిల్లీలీటర్ల సిరంజితో 1.6 తీసి లీటరు నీటిలో కలిపి, సగం స్ప్రే సీసాలో పోయండి. ఇన్సులిన్ సిరంజి జోలికి వెళ్లకండి. దాని మీదివి యూనిట్లు, ఎర్ర మూతది మిల్లీలీటరుకు 40, నారింజ రంగు మూతది 100. లెక్క తప్పడం సులువు.

చేతి తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి. బ్లీచింగ్ ద్రావణం వాడిన బకెట్టులో మాత్రం దీన్ని ఎప్పుడూ కలపకండి. క్లోరిన్ వాయువు వస్తుంది.

ప్రత్తిపాడు మిరపతోట

మేము పురుగుమందు కలిపేటప్పుడు పంపులో సగం నీళ్లు పోసి, మందు వేసి, మిగతా నీళ్లు నింపుతాం అండీ. అది మీకూ పనికొస్తుందేమో. ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతున్నాను. పొలం మందు కొలిచిన మూత, పాత స్ప్రేయరు ఎంత కడిగినా వంటింట్లోకి తేకండి. శానిటైజర్‌ను తాగునీటి సీసాలో, కూల్‌డ్రింక్ సీసాలో పోసి పెట్టకండి. దాహంతో ఉన్న పిల్లవాడు సీసా మీద రాసింది చదవడు.

బ్రాడీపేట పాత ల్యాబు

మీరు చివర చెప్పింది అక్షరాలా నిజం. నీళ్ల వరస మాత్రం దీనికి మారుతుంది. ఇందులో నురగ తెప్పించే పదార్థం ఉంది. సగంలో వేసి పైన కొళాయి తిప్పితే నురగ పొంగి బకెట్టు దాటుతుంది. సీసాల్లో మిగిలే కాస్త నురగ వల్ల హాని లేదు. సరైన మోతాదులో కలిపినప్పుడు దాన్ని కడగనక్కరలేదు.

కృష్ణలంక అల్లంసోడా

నిన్న సూర్యారావుపేటలో ఆస్పత్రుల దగ్గర మందుల దుకాణంలో సిరంజిలు తెచ్చాను. టబ్బు అడుగున పాత దినపత్రిక పరిచి, మీరు చెప్పినట్టే చేశాను. చివర్లో గాలి లాగే కిటుకు ఎంత చిన్నదో అంత గొప్పది. పత్రిక మీద ఒక్క తడి చుక్క లేదు. పన్నెండు సీసాలనూ లోపలంతా తడిసేలా తిప్పి, రెండు నిమిషాలు ఆగి బోర్లించాను. చిన్న సీసాకు ఎర్ర రిబ్బను కట్టి, పేరు, తేదీ రాసి, తాళం ఉన్న అలమరాలో పెట్టాను.

రెండు సందేహాలు మిగిలాయి. కొళాయి నీళ్లతో కలిపింది ఉదయానికి పాలలా మసకబారింది. వాడవచ్చా? గట్టు మీది గుర్తును వంటసోడాతో రుద్దినా పోలేదు.

బ్రాడీపేట పాత ల్యాబు

నీటిలోని కాఠిన్యం వల్ల మసకబారుతుంది. పీహెచ్ కాగితం (ఆమ్లం ఎంత ఘాటుగా ఉందో రంగుతో చూపేది) ముంచి చూడండి, అంకె 3 దాటితే ఆమ్లం బలహీనపడినట్టే, పారబోయండి. ఆర్వో నీళ్లతో కలిపితే చాలా రోజులు తేటగా ఉంటుంది, స్ప్రే సీసాకు అదే మేలు.

వంటసోడా ఉన్నది, ఆమ్లం ఒలికిన వెంటనే చల్లి దాన్ని విరిచేయడానికి. మీ గట్టు మీదిది మరక కాదమ్మా. కడప రాయి సున్నపురాయి జాతి. ఆమ్లం పై పొరను కరిగించి మెరుపును తినేసింది, ఎంత రుద్దినా తిరిగి రాదు. రాళ్లకు పాలిష్ పట్టే మేస్త్రీని పిలిచి ఆ చోట మళ్లీ నునుపు చేయించండి. అప్పటిదాకా ఆ మూల మీద ప్లాస్టిక్ పళ్లెం ఉంచండి.