పురుడు ‘పోయడమా’, ‘పోసుకోవడమా’?

గోదారిగట్టు: “మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలి.” అమ్మమ్మ అనేది. దీనికి ముందు ఇంకో ముక్క ఉండేది. రెండ్రోజులుగా నాలుక చివరే ఆడుతోంది, రావడం లేదు. ఎవరికైనా గుర్తుందా?

పాతపుటలు: ముందుది కాదండీ, చివరిది. “బిడ్డొచ్చినా పట్టాలి, గడ్డొచ్చినా పట్టాలి” అంటారు మా వైపు.

పాలమూరు పిల్ల: మా దగ్గర ‘ఒప్పుకున్నాక’ కాదు, ‘ఒప్పుకున్నప్పుడు’. నాకు పట్టుకున్నది వేరే. ‘పురుడు పోసింది’ అంటే మంత్రసాని, ‘పురుడు పోసుకుంది’ అంటే తల్లి. ‘పోసుకొను’లోని ఆ ‘కొను’ ఒక్కటే ఇద్దరినీ విడదీస్తోంది. ఇంతకీ పోసేది ఏమిటి?

పాతపుటలు: నీళ్లు. ‘నీళ్లాడింది’ అన్నా కన్నదనే కదా. పురుడంటే మైల కూడా, అది కడిగే నీళ్లు.

గోదారిగట్టు: ఒప్పుకోను. ‘ప్రాణం పోయడం’లో నీళ్లెక్కడున్నాయి?

నర్సక్క: లేబర్ రూంలో ‘పోసుకుంది’ వినక చాలా ఏళ్లయింది. ‘డెలివరీ చేశాం’ అంటాం. రిజిస్టర్‌లో ‘కండక్టెడ్ బై’ అని ఒక గడి, అందులో మా పేరు. ఆమె పడుకుని కనాలనుకుందా, కూర్చుని కనాలనుకుందా, పక్కన అమ్మ ఉండాలనుకుందా, వాటికి గడి లేదు. గడి లేనిదాన్ని పైవాళ్లు అడగరు. 2005లో జననీ సురక్ష యోజన డబ్బును ప్రధానంగా ఆసుపత్రి కాన్పుకే ముడిపెట్టింది. నొప్పులు రాగానే ఆసుపత్రికి రావడం అలవాటైంది, అది మంచిదే. కానీ అడిగేది ఎక్కడ కన్నదనే, ఎలా కన్నదని కాదు. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ ఆసుపత్రి కాన్పులు 97 శాతం, సిజేరియన్లు 60.7 శాతం. మొదటి అంకెకే చప్పట్లు.

పాలమూరు పిల్ల: అక్కా, ప్రైవేటులోనైతే సిజేరియన్లు 81.5 శాతం. అయినా జనం ‘సిజేరియన్ చేయించుకుంది’ అంటారు చూడండి. ముహూర్తం అత్తగారిది, కత్తి డాక్టరుది, ‘కొను’ మాత్రం ఆమెకు తగిలించారు. నాకు కోపం వచ్చేది అక్కడే.

పాతపుటలు: ‘కొను’ మీద అంత బరువు పెట్టకూడదమ్మా, ‘పడుకొను’లో ఏ అధికారం ఉంది? అసలు మన ధర్మపురి శేషప్ప కవిని చూడండి, “తల్లిగర్భమునుండి ధనము తేడెవ్వడు” అన్నాడు. ఆ నడక ఎంత హాయి! నరసింహ శతకం చిన్నప్పుడే నోటికొచ్చేసింది నాకు.

పాలమూరు పిల్ల: హాయే. కానీ ఆ పాదంలో కర్త బిడ్డే. తల్లి బయల్దేరిన చోటు, అంతే.

నర్సక్క: ధర్మపురి అంటే గుర్తొచ్చింది, 2017లో మిడ్‌వైఫ్‌ల శిక్షణ మొదలైంది పక్కనే కరీంనగర్‌లో. పద్దెనిమిది నెలలు. కూర్చునైనా, నిలబడైనా కననిచ్చే పని అది. వాళ్లను మంత్రసాని అంటే ఏం?

పాతపుటలు: సాని అంటే స్వామిని. గౌరవమే.

నర్సక్క: ఈ కాలంలో అలా వినిపించదండీ. అన్నవాళ్లకు తెలుస్తుంది, అనిపించుకున్నవాళ్లకు తెలుస్తుంది.

గోదారిగట్టు: సామెతకు ముందు ముక్క ఉందనే నా నమ్మకం. ఆదివారం పెద్దమ్మ ఫోన్ చేస్తుంది, అడిగి చెప్తాను.