పాత లైట్ల కొట్టుకి తెలుగు చీటీలు: కందిలా, లాంతరా, దీపమా, లైటా?

మా గల్లీలో పాత లైట్లు బాగుచేసి అమ్మే చిన్న కొట్టు ఒకటుంది. ఇత్తడి కుందుల దగ్గర్నుంచి నల్లటి బేకలైటు స్విచ్చుల దాకా అన్నీ దొరుకుతాయి గానీ చీటీలు మాత్రం ఇంగ్లీషులోనే ఉన్నాయి. తెలుగులో కూడా రాయిద్దామని కొట్టాయన అడిగితే ఆ సంగతి మొన్న గ్రూపులో పెట్టాను. చాలామంది జవాబిచ్చారు, అందరికీ థాంక్స్. అయితే వచ్చినవాటిలో సగం 'పురాతన తైలదీపము', 'ప్రాచీన విద్యుద్దీపిక' బాపతు మాటలు, వాటిని నేను గట్టిగా వద్దంటాను. తైలదీపము అని చీటీ అంటిస్తే అందులో పోసేది ఆముదమా కిరసనాయిలా, పైన గాజు ఉంటుందా ఉండదా, పంపు కొట్టాలా వత్తి తిప్పాలా, ఏదీ తెలియదు. మన ఇళ్ళలో ఇవన్నీ వాడినవాళ్ళు ఒక్కోదానికి ఒక్కో పేరు పెట్టుకున్నారు, వస్తువు ఎలా పనిచేస్తుందో ఆ పేరే చెప్పేస్తుంది.

పూజగదిలో జతగా పెట్టుకునేవి కుందులు. పొడుగ్గా నిలబడేది సెమ్మె. ఒట్టి వత్తి, చిన్న సీసా, గాజు లేకుండా మసి కక్కుతూ మండేది బుడ్డి. దానికి పెద్ద వెలుగు ఉండదు కాబట్టి గుడ్డిదీపం అనీ అంటాం. వీటి మీద ఎవరికీ తేడా రాలేదు.

గొడవంతా లాంతరు దగ్గర వచ్చింది. కోస్తా నుంచి రాసినవాళ్ళు లాంతరు తప్ప ఇంకో మాట లేదన్నారు, కరీంనగర్, నల్లగొండ వైపువాళ్ళు కందిలి అన్నారు, 'కందిలి ఉర్దూ మాట, తెలుగు చీటీ మీద వద్దు' అని ఒక పెద్దాయన రాశారు. అయ్యా, లాంతరు మాత్రం మనదా? లాంతరు యూరప్ నుంచి వచ్చిన మాట, కందిలి అరబ్బీ ఖిందీల్ నుంచి. ఆ ఖిందీల్ కూడా గ్రీకు మీదుగా లాటిన్ కాండెలా దాకా పోతుంది, అంటే ఇంగ్లీషు క్యాండిల్‌కి ఇది చుట్టమే. పక్కనున్న మహారాష్ట్రలో ఇప్పటికీ కందీల్ అనే అంటారు, ఓగలేవాడిలో తయారైన ప్రభాకర్ కందీల్ ఒకప్పుడు అక్కడ ఇంటింటి పేరు. కాబట్టి చీటీ మీద రెండూ రాయిస్తున్నాను: 'లాంతరు (కందిలి)'. తెలంగాణ ఇంట్లో కందిలి అన్న మాట వింటూ పెరిగిన మనిషి హైదరాబాదు నడిబొడ్డున ఉన్న కొట్టుకొచ్చి తన మాట కనబడక వెనక్కి పోకూడదు.

హరికేన్ లాంతరు పేరులోంచి హరికేన్ (తుఫాను) అన్న మాట తీసెయ్యమన్నారు కొందరు. నేను ఉంచమంటాను. రెండు పక్కలా కిందికి దిగే గొట్టాలు ఉన్నాయే, అవి పట్టుకునే పిడులనుకుంటారు చాలామంది. నిజానికి మంటకి గాలి వెళ్ళేది వాటిలోంచే. బయటి గాలి నేరుగా మంట మీద పడదు గనకే గాలివానలో చేలకి పోయేటప్పుడు కూడా ఆరేది కాదు. పేరులోనే పనితనం ఉంది, తీసేస్తే నష్టం.

ఇక గ్యాసు లైటు. పెళ్ళి ఊరేగింపుల్లో నెత్తిన పెట్టుకుని మోసేవారు చూడండి, అది. 'అందులో గ్యాసే లేదు, కిరసనాయిలు పోస్తారు, ఇది జనం చేసిన తప్పు' అని ఒకరు కామెంటు పెట్టారు. జనం తప్పు చెయ్యలేదండీ. కింద ట్యాంకులో కిరసనాయిలు, పంపు కొడితే ఆ ఒత్తిడికి నూనె పైకెక్కుతుంది, వేడికి ఆవిరవుతుంది, మాంటిల్ (మంట మీద ఉండే గుడ్డ జాలీ సంచి) దగ్గర మండేది ఆ ఆవిరే. మాంటిల్ తెల్లగా వెలిగేది దానివల్లే. పైగా తెలంగాణలో కిరసనాయిలునే గ్యాసునూనె అంటారు, మరాఠీలో ఘాస్‌లేట్ అంటారు. పెట్రోమాక్స్ అనేది మాత్రం బ్రాండు పేరు: బెర్లిన్ కంపెనీది, పెట్రోలియంలో పెట్రో, దాన్ని తయారుచేసిన మాక్స్ గ్రెట్జ్ పేరులో మాక్స్. మన దగ్గర ఏ కంపెనీదైనా పెట్రోమాక్సే అయిపోయింది. చీటీ మీద గ్యాసు లైటు అని పెద్దక్షరాల్లో రాసి, కంపెనీ పేరు కింద చిన్నగా వెయ్యమన్నాను.

పైకప్పు నుంచి గుత్తుగా వేలాడే గాజు షాండ్లియర్లకి 'దీపగుచ్ఛం' అన్నారు. విన్నప్పుడు బాగానే ఉంటుంది, ఎవరూ అనరు. హైదరాబాదులో ఝూమర్ అంటే చిన్నపిల్లలకి కూడా తెలుసు, చౌమహల్లా దర్బారు హాల్లో వేలాడే 19 బెల్జియం ఝూమర్లని చూసినవాళ్ళకి ఇంకో మాట నేర్పక్కర్లేదు. ఝూమర్ అనే రాయిస్తున్నాం.

అన్నిటికంటే నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది దీపం, లైటు తేడా. కొట్లో ఒక పాత వేలాడే లాంతరు ఉంది, లోపల బర్నరు తీసేసి పింగాణీ హోల్డరు బిగించి ఎల్‌ఈడీ బల్బు పెట్టారు. దీన్ని దీపం అనాలా, లైటు అనాలా? నాకు తోచిన దారి క్రియని చూడటం. దీపం పెడతాం, వెలిగిస్తాం, తెలంగాణలో ముట్టిస్తాం. లైటు వేస్తాం. దీపం ఆరిపోయింది అనడానికి నోరు రాక కొండెక్కింది అంటాం, లైటు ఊరికే పోతుంది. బల్బు కొండెక్కిందని అన్నవాళ్ళని నేను చూడలేదు. వత్తి ఉన్నంతవరకే ఆ మర్యాద. వీధి దీపాలు అని పత్రికలు రాస్తాయి, నిజమే, కానీ ఇంట్లో ఎవరూ 'వంటింట్లో దీపం వెయ్యి' అనరు. అందుకని ఆ మార్చిన సరుకుకి 'లాంతరు లైటు' అని పెట్టాం. లాంతరు ఆకారానికి, లైటు పనికి. ఇంతకంటే మంచిది తడితే చెప్పండి, చీటీ ఇంకా ప్రింటు కాలేదు.

ఒక విషయంలో మాత్రం నిజంగా చిక్కుకున్నాను. లాంతరు చిమ్నీకి, అంటే గాజుకి, మసి పడితే సాయంత్రాలు బూడిదతోనో ముగ్గుపిండితోనో తోమేవారు, దానికోసం గాజుని పైకి లేపాలి. లాంతరు పక్కన వేలితో కిందికి నొక్కితే గాజు లేచే చిన్న కమ్మీ ఉంటుంది, వెలిగించేటప్పుడూ అదే నొక్కాలి. దానికి మీ ఇంట్లో ఏం పేరు? నిఘంటువులో వెతికి రాయకండి. అమ్మమ్మనో నాయనమ్మనో అడిగి, ఏ ఊరో కూడా రాయండి, ఊరి పేరుతో సహా చీటీ మీదికి ఎక్కిస్తాం.