సదరన్ 500 చరిత్ర: డార్లింగ్టన్ ట్రాక్ కోడిగుడ్డు ఆకారంలో ఎందుకుంది?

ప్రశ్న (పెరంబూరు నుంచి): షోలవరంలో విమానాల పాత రన్‌వే మీద జరిగిన కారు పందాల గురించి మా నాన్నగారు చెప్పగా విన్నాను, ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌లో పందాలు నేనే చూశాను. ఇప్పుడు అమెరికాలోని సౌత్ కరొలైనాలో, డార్లింగ్టన్ ట్రాక్ మీద ఏటా జరిగే స్టాక్ కార్ (మామూలు కార్ల రూపంలో ఉండే రేసు కార్ల) పందెం సదరన్ 500 గురించి చదువుతున్నాను. ఆ ట్రాక్ ఒక కొస విశాలంగా, మరో కొస ఇరుకుగా ఎందుకుంది? లేబర్ డే (సెప్టెంబరు మొదటి సోమవారం వచ్చే అమెరికా కార్మిక దినం) సెలవుకు జరిగే పందెం మధ్యలో కొన్నేళ్ళు ఆ సమయానికి ఎందుకు జరగలేదు?

జవాబు (అన్నానగర్ నుంచి): 1933లో ఇండియానాపొలిస్ పందెం చూసివచ్చిన హెరాల్డ్ బ్రేసింగ్టన్ అలాంటి ట్రాక్‌నే తన ఊరి దగ్గర కట్టాలని సంకల్పించి, 1949లో పని మొదలుపెట్టారు. స్థలం అమ్మిన షెర్మన్ రామ్సే తన చేపల చెరువు జోలికి రావద్దని షరతు పెట్టడంతో, చెరువున్న వైపు మలుపును కుదించవలసి వచ్చింది. అందుకే ఒక కొసకు అనువుగా సర్దిన కారు రెండో కొసన మొరాయిస్తుంది. గోడను రాసుకుంటూ పోయే కార్లకు పక్కన పడే గీతను అక్కడివారు ‘డార్లింగ్టన్ స్ట్రైప్’ అంటారు. ఈ ట్రాక్ గొప్పతనమంతా ఆ చెరువు పెట్టిన ఇబ్బందిలోనే ఉందని నా గట్టి అభిప్రాయం.

జవాబు (టి.నగర్ నుంచి): అన్నానగర్ మిత్రులు చెప్పినదానికి మొదటి పందెం సంగతి కూడా చేర్చాలి. 1950 సెప్టెంబరు 4న 75 కార్లు బయలుదేరగా, వేగంలో ముందున్న బరువైన కార్ల టైర్లు కొత్త తారు మీద ఒకదాని తర్వాత ఒకటి పాడైపోతుంటే, తేలికపాటి ప్లిమత్ కారుకు గట్టి టైర్లు వేసుకుని నిలకడగా నడిపిన జానీ మాంట్జ్ ఆరు గంటలకు పైగా సాగిన ఆ పందెం గెలిచారు. సగటు వేగం గంటకు సుమారు 75 మైళ్ళే. తర్వాతి కాలంలో కేల్ యార్‌బరో అయిదుసార్లు, జెఫ్ గోర్డన్ ఆరుసార్లు ఈ పందెంలో నెగ్గారు.

జవాబు (వేళచ్చేరి నుంచి): తేదీ విషయానికొస్తే, 2004లో నాస్కార్ (ఈ పందాలు నిర్వహించే సంస్థ) లేబర్ డే వారాంతాన్ని కాలిఫోర్నియాలోని ట్రాక్‌కు ఇచ్చి, సదరన్ 500ను నవంబరుకు జరిపింది. 2005 నుంచి డార్లింగ్టన్‌కు ఏడాదికి మే నెలలో ఒక్క పందెమే మిగిలింది, పాత పేరు కూడా పోయింది. అర్ధశతాబ్దానికి పైగా ఆ ప్రాంతపు కుటుంబాలు సెలవుకు చేరే పందాన్ని కదిలించడం అన్యాయమని నేను భావిస్తాను. 2009లో పేరును, 2015లో లేబర్ డే వారాంతాన్ని తిరిగి ఇచ్చారు. ఆ ఏడాది నుంచే కార్లకు పాత కాలపు రంగులు వేసి పూర్వపు డ్రైవర్లను గౌరవించే ఆనవాయితీ మొదలైంది.