పీఈటీ షీటు మీద వెండి నానో తీగలు: వేడి చేయకుండా రెసిస్టెన్స్ తగ్గేదెలా?

నమస్కారమండీ. హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం పీఈటీ (నీళ్ల సీసాలు చేసే ప్లాస్టిక్) షీటు మీద వెండి నానో తీగలతో పారదర్శక ఎలక్ట్రోడ్ చేస్తున్నాను. ఇలాంటి వాటికి మామూలుగా వాడే ఐటీఓ (ఇండియం టిన్ ఆక్సైడ్) పూత పెళుసు, వంచితే పగుళ్లొస్తాయి. ఈ పూత మాత్రం ఎంత వంచినా చెక్కుచెదరట్లేదు, చూస్తే ముచ్చటేస్తుంది! చిక్కంతా తీగ మీద తీగ పడేచోటే. తీగలకు అంటుకుని ఉండే పీవీపీ (తీగల తయారీలో వాడే పాలిమర్) పొర అక్కడ కరెంటుకి అడ్డుపడుతోంది. గాజు మీదైతే 150 డిగ్రీలు దాటించి అతికించొచ్చు. పీఈటీ 80 దగ్గరే మెత్తబడుతుంది కదా.

గట్టిగా నొక్కడం, ఇథనాల్‌తో కడగడం, ఫ్లాష్ వెలుగు కొట్టడం... చిన్న కాలేజీ ల్యాబులో వీటిలో ఏది కుదురుతుంది? స్వయంగా చేసినవాళ్లు దయచేసి చెప్పండి.

వానాకాలం తేమకి వెండి నల్లబడకుండా పైన ఏ పూత మంచిది? గచ్చిబౌలి సెంట్రల్ యూనివర్సిటీలోగానీ, బాలాపూర్ ఏఆర్‌సీఐ పరిశోధన సంస్థలోగానీ బయటి విద్యార్థుల శాంపిళ్లకు ఫోర్ ప్రోబ్ (నాలుగు సూదులు ఆనించి పూత రెసిస్టెన్స్ చూసే) కొలతలు తీస్తారా? ఎవరిని అడగాలి?