సన్నగా ఉండటానికి తిండి ప్రధానమా, కదలిక ప్రధానమా?

సందేహి:
రోజూ గంటసేపు నడిచినా బరువు తగ్గడం లేదని వాపోయేవారు ఒకవైపు, వ్యాయామమనేదే ఎరుగకుండా ఏళ్ల తరబడి ఒకే బరువులో నిలిచేవారు మరొకవైపు కనిపిస్తున్నారు. ఈ తేడా తిండి అలవాట్ల వల్ల వచ్చిందా, శారీరక శ్రమ వల్ల వచ్చిందా? రెండూ ముఖ్యమేనన్న జవాబు అందరికీ తెలిసినదే కనుక, ఏదో ఒక పక్షాన నిలిచి కారణాలు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

లెక్కల మనిషి:
నా ఉద్దేశంలో తిండే ప్రధానం. 70 కిలోల మనిషి మామూలు వేగంతో గంటసేపు నడిస్తే ఖర్చయ్యేది సుమారు 250 కిలోకేలరీలు, అందులోనూ ఊరికే కూర్చున్నా ఖర్చయ్యే భాగం కొంత కలిసే ఉంటుంది. వేయించిన చిరుతిండితోనో తీపి పానీయంతోనో ఆ మొత్తాన్ని తిరిగి పూడ్చుకోవడానికి ఐదు నిమిషాలు చాలు. పైగా టాంజానియాలోని హడ్జా తెగవారిపై హెర్మన్ పాంట్జర్ బృందం 2012లో ప్రచురించిన పరిశోధనను చూడండి. వేటాడుతూ, దుంపలు తవ్వుకుంటూ, నిత్యం దూరాలు నడిచే ఆ ప్రజలు రోజు మొత్తం మీద ఖర్చు చేసే శక్తి, శరీర పరిమాణాన్ని లెక్కలోకి తీసుకున్నాక, పాశ్చాత్య దేశాలవారు ఖర్చు చేసేదానికి ఇంచుమించు సమానంగానే తేలింది. శ్రమ పెరిగినప్పుడు శరీరం మరెక్కడో పొదుపు చేసుకుంటుందని దీన్నిబట్టి ఊహించవచ్చు.

నిత్యపాదచారి:
మీరు నడకను మాత్రమే కదలికగా లెక్కవేశారు. 1999లో జేమ్స్ లెవైన్ బృందం 16 మందికి 8 వారాల పాటు రోజూ 1000 కిలోకేలరీలు అదనంగా తినిపించింది. తిండి అందరికీ సమానంగానే పెరిగింది, కానీ చేరిన కొవ్వు ఒకరిలో 0.36 కిలోలైతే మరొకరిలో 4.23 కిలోలు. నిలబడటం, అటూఇటూ తిరగడం, కూర్చున్నచోటనే కదలడం వంటి వ్యాయామం కాని కదలికలు ఎవరిలో ఎక్కువగా పెరిగాయో వారికే కొవ్వు తక్కువగా చేరింది. సందేహి గారు చెప్పిన రెండో రకం మనుషుల రహస్యం చాలావరకు ఇక్కడే ఉండవచ్చు. ఉదయం గంట నడిచి, మిగిలిన పగలంతా కుర్చీకి అతుక్కుపోయేవారు ఆ నడకపైనే నింద మోపడం న్యాయం కాదు.

లెక్కల మనిషి:
ఆ 16 మందిలో ఎవరూ కావాలని కదలలేదు కదా! తనంతట తాను వచ్చే చాంచల్యాన్ని సంకల్పంతో తెచ్చుకోవడం ఎంతమందికి సాధ్యం? తిండిని మార్చుకోవడం అంతకంటే సులువు. 2019లో కెవిన్ హాల్ బృందం 20 మందికి రెండు వారాలు అతిగా శుద్ధిచేసిన ఆహారాన్నీ, మరో రెండు వారాలు సహజరూపానికి దగ్గరగా ఉన్న ఆహారాన్నీ ఇచ్చి, ఇష్టమైనంత తినమన్నది. వడ్డించినవాటిలో కేలరీలు, చక్కెర, కొవ్వు, పీచు సరిసమానంగా ఉన్నా, మొదటి రకాన్ని వారు రోజుకు సుమారు 500 కిలోకేలరీలు ఎక్కువగా, పైగా త్వరత్వరగా తిన్నారు. ఎవరి మనోబలమూ మారలేదు, పళ్లెంలోని పదార్థం మారింది.

కొత్త సభ్యుడు:
మరి తినే వేళల మాటేమిటి? సాయంత్రం తరువాత ఏమీ తినకపోతే సన్నబడతారని అంటారే?

లెక్కల మనిషి:
2022లో వెలువడిన చైనా ప్రయోగంలో 139 మంది ఏడాదిపాటు కేలరీలు తగ్గించుకున్నారు. వారిలో కొందరు ఎనిమిది గంటల వ్యవధిలోనే తిన్నారు. రెండు జట్ల బరువు తగ్గుదలలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. వేళ నియమం వల్ల చిరుతిండి తగ్గితే మంచిదే, అంతకుమించిన మహిమ దానికి ఆపాదించలేము.

నిత్యపాదచారి:
బరువు తగ్గించుకోవడం వేరు, తగ్గినదాన్ని నిలుపుకోవడం వేరు. తగ్గిన శరీరానికి తక్కువ శక్తి సరిపోతుంది, ఆకలి మాత్రం పెరుగుతుంది. తిండినొక్కదాన్నే నమ్ముకున్నవారు ఎప్పటికీ ఆకలితో పోరాడుతూనే ఉండాలి. అమెరికాలో 1994 నుంచి నడుస్తున్న ఒక నమోదు పట్టికలో, కనీసం 13.6 కిలోలు తగ్గి ఏడాదికి పైగా నిలుపుకున్నవారు చేరతారు. వారిలో అత్యధికులు రోజుకు సగటున గంటసేపు శ్రమ చేస్తున్నట్లు చెప్పారు.

లెక్కల మనిషి:
నిలుపుకునే దశ వరకు మీ వాదనను అంగీకరిస్తాను. అయితే ఆ పట్టికలో తమంతట తామే చేరినవారే ఉన్నారు, పైగా వారు తిండిని అదుపులో ఉంచుకుంటామనీ, తరచుగా బరువు చూసుకుంటామనీ కూడా చెప్పారు. ఆ ఫలితంలో నడక వాటా ఎంతో, పళ్లెం వాటా ఎంతో ఆ పట్టిక నుంచి విడదీసి చూపగలరా?